పలకల వెనుక గోడ

స్నానాల గదికి పింగాణీ పలకలు వేయించి నాలుగైదు సంవత్సరాలు గడచిన ఇళ్ళలో అప్పుడప్పుడు ఒక వింత జరుగుతూ ఉంటుంది. ఒక రాత్రివేళ, ఎవరూ ముట్టుకోకుండానే, గోడ మీది రెండు మూడు పలకలు ఒకదానినొకటి నెట్టుకొని, గుడిసె కప్పువలె ముందుకు లేచి, పెద్ద చప్పుడుతో క్రింద పడతాయి. తెల్లవారగానే తగవు మొదలవుతుంది. పలకలు నాసిరకమని ఇంటి యజమాని అంటాడు. మేస్త్రికి పని రాదని అంగడివాడు అంటాడు. అది నిలవ సిమెంటని మేస్త్రి అంటాడు. పడిపోయిన పలకను తిరగవేసి చూచేవారు మాత్రం అరుదు. చూస్తే, పలక వీపున మాలు గట్టిగా అంటుకొనే ఉంటుంది. మాలు వెనుక గిలాబా పొర కూడా చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ గిలాబా వెనుక వ్రేలితో రాస్తే సన్నని ఇసుకపొడి రాలుతుంది. పలక మాలును వదలలేదు, మాలు గిలాబాను వదలలేదు. గిలాబాయే గోడను వదలిపెట్టినది. తగవులో పేరు రాని వస్తువు గోడ ఒక్కటే!

స్నానాల గదిలో మనుషులు ఒంటి మీద బట్ట లేకుండా, తడికాళ్ళతో నిలబడతారు. విరిగిన పలక అంచు గాజుపెంకు వలె కోస్తుంది. కనుక ఇది ఇంటి అందానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

పాత పలకలు తీసి కొత్తవి వేయించేటప్పుడు గోడకు కలిగే గాయాలు చిన్నవి కావు. శానంతో, సుత్తితో పలకలను ఊడగొడుతూ ఉంటే వాటితోపాటు గిలాబా పెళ్ళలుగా రాలుతుంది. దాని వెనుక సిమెంటు బ్లాకుల ముఖాలు అక్కడక్కడ చెక్కుకుపోతాయి. కొత్త గొట్టాల కోసం గాడులు తవ్వుతారు. డొల్ల బ్లాకులయితే ఒక్కొక్కచోట చేయి పట్టేంత కంత పడుతుంది. ఈ స్థితిలో గోడను చూచి అందరికీ తోచే ఉపాయం ఒక్కటే: సిమెంటు చిక్కగా కలిపి గుంటలన్నీ పూడ్చి, ఆ పచ్చి మీదనే పలకలు అంటించివేయడం. పని రెండు రోజులలో ముగుస్తుంది. స్నానానికి పొరుగింటికి పోయే బాధ తప్పుతుంది. కాని ఆ రెండు రోజులలో జరిగిన పొరపాటు బయటపడడానికి రెండు మూడేళ్ళు పడుతుంది గనుక, తప్పు ఎక్కడ జరిగినదో ఎవరికీ అంతుపట్టదు.

పలకను పడగొట్టేది దాని బరువేనా? ఒక చిన్న లెక్క చూడవచ్చు. 30 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల పొడవు, 8 మిల్లీమీటర్ల మందం గల పలక సుమారు రెండు కిలోల పైచిలుకు తూగుతుంది. దాని వెనుక ఒక సెంటీమీటరు మందాన మాలు ఉంటే అది మరి రెండున్నర కిలోల పైచిలుకు. రెండూ కలిపి 5 కిలోలనుకొందాం. పలక వైశాల్యం 1350 చదరపు సెంటీమీటర్లు. అనగా ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మోయవలసిన బరువు 4 గ్రాములు కూడా లేదు. పలకలు అంటించే సిమెంటు జిగురులలో సాధారణ తరగతిదానికి ఐరోపా ప్రమాణం విధించిన కనీసపు పట్టు చదరపు మిల్లీమీటరుకు 0.5 న్యూటన్, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 5 కిలోలు. 4 గ్రాములెక్కడ, 5 కిలోలెక్కడ! పట్టులో వెయ్యింట ఒక వంతు మిగిలినా పలక తన బరువు వలన తాను పడిపోదు.

పలకను పడగొట్టేది కదలిక. సిమెంటుతో చేసిన ప్రతి వస్తువూ, అది బ్లాకు కానీ, మాలు కానీ, గిలాబా కానీ, ఆరుతున్నకొద్దీ కుంచించుకుపోతుంది. ఈ సంకోచం మీటరుకు అర మిల్లీమీటరు వరకు ఉండవచ్చు. సిమెంటు పాలు ఎక్కువైన మాలులో ఇంకా ఎక్కువ. కాల్చిన మట్టి పలక సంగతి దీనికి విరుద్ధం. అది బట్టీలో పూర్తిగా ఎండి వస్తుంది. బయటకు వచ్చిన నాటి నుండి గాలిలోని తేమను సంవత్సరాల తరబడి గ్రహిస్తూ రవ్వంత పెరుగుతూ ఉంటుంది. గోడ కుంచించుకొంటూ, పలక పెరుగుతూ ఉంటే, రెండున్నర మీటర్ల గోడ మీద ఆ తేడా ఒక మిల్లీమీటరు దాకా చేరవచ్చు. అప్పుడు పలకల వరుస, రెండు కొసల నుండి వ్రేళ్ళతో నొక్కిన పేకముక్క వలె, ముందుకు వంగడానికి ప్రయత్నిస్తుంది. వేడినీళ్ళు పడినప్పుడు కలిగే వ్యాకోచం దీనికి తోడు. ప్రతి పొర తన క్రింది పొరను అంతటా పట్టుకొని ఉంటే ఈ ఒత్తిడిని గోడ మొత్తం పంచుకొని భరిస్తుంది. ఎక్కడ డొల్ల ఉన్నదో అక్కడ పలక లేస్తుంది.

కాబట్టి మరమ్మతు చేసేవాడు అడగవలసిన ప్రశ్న పలక మాలును పట్టుకొంటుందా అన్నది కాదు. మాలు గోడను పట్టుకొంటుందా అన్నది. దీనికి సమాధానం ఎక్కువ భాగం నీటిలో ఉన్నది.

గోడ దాహం

సిమెంటు గట్టిపడడం బురద ఎండిపోవడం వంటిది కాదు. సిమెంటులోని కాల్షియం సిలికేట్లు నీటితో రసాయన సంయోగం చెంది, సూదులవలె, రేకులవలె సూక్ష్మ రూపాలు పొందుతూ ఒకదానిలోనికి ఒకటి చొచ్చుకొని పెరుగుతాయి. దీనిని జలయోజనం అంటారు. 100 గ్రాముల సిమెంటు పూర్తిగా జలయోజనం చెందితే సుమారు 23 గ్రాముల నీరు దానిలో రసాయనికంగా బంధితమవుతుంది. ఇంకా కొంత నీరు ఆ సూక్ష్మ రూపాల సందులలో చిక్కుకొని ఉంటుంది. మాలు లోపలి తేమ, గాలికి సాపేక్ష ఆర్ద్రత కొలిచినట్లు కొలిస్తే, 80 శాతం కంటె తగ్గగానే ఈ చర్య దాదాపు నిలిచిపోతుంది. ఆగిన చోట మాలు ఇసుకగానే మిగులుతుంది. పలక వెనుక రాలిన పొడి ఇదే.

ఇక గోడ వైపు చూడాలి. 40 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల ఎత్తు, 10 సెంటీమీటర్ల మందం గల గట్టి సిమెంటు బ్లాకు సుమారు 16 కిలోల బరువు ఉంటుంది. బ్లాకు పీల్చే నీరు దాని బరువులో సగటున 10 శాతానికి మించరాదని భారతీయ ప్రమాణం. ఆ పరిమితి దాకా పీల్చిందనుకొంటే ఒక్క బ్లాకు 1.6 లీటర్ల నీరు తాగగలదు. చదరపు మీటరు గోడలో అటువంటి బ్లాకులు పన్నెండున్నర పడతాయి; మొత్తం దాహం 20 లీటర్లు. అదే చదరపు మీటరు మీద 12 మిల్లీమీటర్ల మందాన పూసిన గిలాబాలో ఉండే నీరు మూడు లీటర్లకు మించదు. ఎండిన గోడ మీద మాలు కొట్టడమంటే, ఆ మూడు లీటర్లను ఇరవై లీటర్ల దాహం ముందు పెట్టడమే. గోడకు ఆనుకొన్న పొరలోని నీరు ముందుగా పోతుంది. అనగా పట్టు ఏర్పడవలసిన చోటనే సిమెంటు ఎండిపోతుంది. పైన తడి తడిగా కనిపించే గిలాబా క్రింద ఇంత జరుగుతున్నదని మేస్త్రికి తెలిసే మార్గం లేదు.

కాల్చిన ఇటుక దాహం ఇంతకంటె ఎక్కువ. సాధారణ తరగతులకు ప్రమాణం అనుమతించే హద్దు 20 శాతం. థర్మల్ విద్యుత్కేంద్రాల బూడిదతో చేసి విజయవాడ, రామగుండం వంటి చోట్ల విరివిగా వాడే ఇటుకలు కూడా నీళ్ళు బాగానే తాగుతాయి. నీటి మీద తేలే తెల్లని తేలిక బ్లాకులది మరొక తీరు. వీటిని 1920 ప్రాంతాల తరువాత స్వీడన్‌లో జోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ రూపొందించినాడు. సున్నం, సిమెంటు, మెత్తని సిలికా పొడి కలిపిన ముద్దలో చిటికెడు అల్యూమినియం పొడి వేస్తే హైడ్రోజన్ పుట్టి, దోసెపిండి పులిసినట్లు ముద్ద పొంగుతుంది. తరువాత దానిని అధిక పీడనం గల ఆవిరిలో ఉడికిస్తారు. ఈ బ్లాకు మీద నీళ్ళు చల్లితే వెంటనే పీల్చినట్లు కనబడదు. పెద్ద బుడగలు ఒకదానితో ఒకటి కలిసి ఉండకపోవడమే కారణం. కాని బుడగల నడుమ గోడలలోని అతి సన్నని రంధ్రాలు మెల్లగా, గంటల తరబడి పీలుస్తూనే ఉంటాయి. ఇటుక గోడకు అలవాటుపడిన మేస్త్రి చేయి ఇక్కడ మోసపోతుంది.

ఈ పీల్చుడుకు మూలం పాఠశాలలో చెప్పుకొనే కేశనాళికత్వమే. నాళం ఎంత సన్నమైతే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుందన్న నియమాన్ని 18వ శతాబ్దపు ఆంగ్లేయుడు జేమ్స్ జూరిన్ పేరుతో వ్యవహరిస్తారు. వృత్తిరీత్యా ఆయన వైద్యుడు. మిల్లీమీటరులో పదవ వంతు వ్యాసార్థం గల నాళంలో నీరు సుమారు 15 సెంటీమీటర్లు ఎక్కుతుంది. నూరవ వంతు వ్యాసార్థానికి సుమారు ఒకటిన్నర మీటర్లు. బ్లాకులోని రంధ్రాలు అన్ని పరిమాణాలలోనూ ఉంటాయి. తరగతిలో దీనిని చూపడం చాలా సులభం. ఇటుక ముక్క, సిమెంటు బ్లాకు ముక్క, గోడకు వాడే మెరుగు పలక ముక్క, నేలకు వాడే విట్రిఫైడ్ పలక ముక్క తెచ్చి, ఎండబెట్టి తూచి, ఒక రాత్రి నీటిలో ఉంచి, పైతడి తుడిచి మరల తూస్తే చాలు. చివరిదాని బరువు పాఠశాల తక్కెడలో దాదాపు మారదు. ఈ చివరి సంగతి మరల అవసరమవుతుంది.

అయితే గోడను బాగా తడిపితే సరిపోతుందా? ఇక్కడ రెండవ పొరపాటు పొంచి ఉన్నది. నీరు కారుతున్న గోడ మీద మాలు కొడితే, రంధ్రాలన్నీ ముందే నిండి ఉన్నవి గనుక సిమెంటు పాలు లోపలికి పోవు. పోకపోతే ఆ సూక్ష్మ రూపాలు రంధ్రాలలో వేళ్ళూనవు. గోడకూ మాలుకూ నడుమ నీటి పొర ఒకటి నిలిచి, ఆరిన తరువాత అదే ఖాళీ అవుతుంది. కావలసిన స్థితి లోపల తడి, పైన పొడి. ముందురోజు సాయంత్రం గోడను రెండు మూడు మార్లు నిదానంగా తడిపి, పని మొదలు పెట్టే వేళకు పైమెరుపు పోయేదాకా ఆగవలె. అనుభవం గల మేస్త్రులు అరచేతిని గోడకు ఆనించి చూస్తారు: చల్లగా తగలవలె, చేతికి తడి అంటరాదు. తేలిక బ్లాకుల గోడకు ఇంతగా తడపడం పనికిరాదు. తడి తుడిచినట్లు చల్లి, నీటిని పట్టి ఉంచే పాలిమర్ కలిపిన మాలు వాడడం మేలు.

నీళ్ళు చల్లి చూడడంలో మరొక లాభం ఉన్నది. చల్లిన నీరు ఎక్కడైనా తామరాకు మీది బొట్టువలె జారిపోతే, అక్కడ పాత రంగో, నూనె జిడ్డో, పాత జిగురో మిగిలి ఉన్నదన్నమాట. అది చెక్కివేయనిదే ఏ మాలూ నిలవదు.

ఉప్పు

గాయాలు పూడ్చేముందు తెలుసుకోవలసినది, గోడ ఎందుకు చెడినదన్నది. కేవలం సుత్తి దెబ్బలకు చెడిన గోడ ఒక రకం. చెమ్మకు చెడినది మరొక రకం. బ్లాకు ముఖం చేతితో గీకితే రాలుతూ, తెల్లని నూగు పట్టి ఉంటే అది ఉప్పు పని. ఇసుకలో, బోరు నీళ్ళలో, ఇటుకలో ఉన్న లవణాలు నీటిలో కరిగి, గోడ పైకి వచ్చి, నీరు ఆవిరైన చోట స్ఫటికాలుగా మిగులుతాయి. పైన పూచిన ఉప్పు తుడిస్తే పోతుంది. పొర వెనుక పుట్టినది పొరనే తోస్తుంది. సోడియం సల్ఫేట్ వీటిలో మహా చెడ్డది. 32.4 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువన, తగినంత తేమ దొరికితే, అది ఒక్కొక్క అణువుకు పది నీటి అణువులను చేర్చుకొని మూడింతలకు పైగా ఉబ్బుతుంది. మన ఇళ్ళలో వేసవి ఉష్ణోగ్రతలు ఈ అంకెకు అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయి గదా!

కొత్త పలకలు వేస్తే చెమ్మ ఆగిపోతుందని చాలామంది నమ్మకం. నిజానికి పలకలు గోడ ఊపిరిని మూస్తాయి. కారుతున్న గొట్టం గోడలో ఉన్నంతకాలం నీరు ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు. ఇటు దారి మూస్తే, అవతలి పడకగది గోడ మీద సున్నం ఊడుతుంది. గోడలో చెమ్మ ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి అర మీటరు చదరపు పాలిథీన్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా పట్టీతో అంటించి ఒక రాత్రి ఉంచవలె. తెల్లవారి కాగితం లోపలి వైపు నీటి బొట్లు ఉంటే గోడ ఇంకా ఆరలేదన్నమాట. అప్పుడు వెతకవలసినది మేస్త్రిని కాదు, గొట్టం కారుతున్న చోటును. గోడ ఆరిన తరువాత ఉప్పును తడి లేకుండా కుంచెతో దులిపి, చీపురుతో ఊడ్చి బయట పారవేయవలె. నీళ్ళతో కడిగితే అది మరల లోపలికే పోతుంది.

గాడులు, కంతలు

గొట్టాల గాడులు గోడ బలాన్ని ఎంత తగ్గిస్తాయో చాలామంది ఆలోచించరు. నిలువు గాడి లోతు గోడ మందంలో మూడవ వంతుకు, అడ్డగాడి లోతు ఆరవ వంతుకు మించరాదని కట్టడపు ప్రమాణాలు చెబుతున్నవి. 10 సెంటీమీటర్ల గోడలో అడ్డగాడికి దొరికేది 16, 17 మిల్లీమీటర్లు. అరంగుళం వేడినీళ్ళ ప్లాస్టిక్ గొట్టం బయటి వ్యాసమే 16 మిల్లీమీటర్లు. ఇక దాని మీద మాలుకు చోటేది? అందుచేత పలుచని గోడలో గొట్టాలను పై నుండి నిలువుగా దింపడమే శాస్త్రీయం. అడ్డంగా మీటర్ల కొద్దీ తవ్విన గాడి, కాగితాన్ని మడత మీద గోరుతో గీసినట్లు గోడను బలహీనపరుస్తుంది.

తవ్వే పద్ధతి కూడా ముఖ్యమే. సుత్తి దెబ్బ గోడలో ఒక సంపీడన తరంగాన్ని పుట్టిస్తుంది. అది అవతలి ముఖాన్ని చేరి, అక్కడి నుండి పరావర్తనం చెందేటప్పుడు లాగుడు తరంగంగా మారుతుంది. నొక్కుడును బాగా భరించే సిమెంటు బ్లాకు, లాగుడును అందులో సుమారు పదవ వంతు మాత్రమే భరించగలదు. ఇటు కొడితే అవతలి గది గిలాబా రాలడం ఇందువల్లనే. కోత యంత్రంతో రెండు వైపులా గీతలు కోసి, నడుమ భాగాన్ని తేలిక దెబ్బలతో తీయడం మంచిది. ఆ ధూళిలోని సిలికా ఊపిరితిత్తులకు శాశ్వతమైన హాని చేస్తుంది కనుక నీళ్ళు చల్లుతూ, ముక్కుకు తగిన తొడుగు పెట్టుకొని చేయవలె. గీజరుకు పోయే విద్యుత్తును ముందుగా ప్రధాన బోర్డు వద్ద ఆపవలసిన పని వేరే చెప్పనక్కరలేదు. తడిసిన గోడ విద్యుద్వాహకం.

వేడినీళ్ళ గొట్టాన్ని నేరుగా మాలుతో బిగించరాదు. రెండు మీటర్ల ప్లాస్టిక్ గొట్టం 35 డిగ్రీలు వేడెక్కితే నాలుగున్నర మిల్లీమీటర్లు సాగడానికి చూస్తుంది. చుట్టూ ఉన్న మాలు అదే వేడికి ఒక మిల్లీమీటరైనా సాగదు. స్నానం చేసిన ప్రతిసారీ జరిగే ఈ పెనుగులాట గాడి వెంబడి సన్నని పగులుగా పలకలలో కనబడుతుంది. గొట్టానికి మెత్తని స్పంజి తొడుగు వేసి, మొదట నీటి పీడనం పెట్టి పరీక్షించి, తరువాతనే గాడి పూడ్చవలె.

ఇక పూడ్చడం. పెద్ద కంతను ఒక్కసారిగా మాలుతో నింపితే రెండు చిక్కులు. మాలు బరువుకు జారి పైభాగాన సందు పడుతుంది. అంతా ముద్దే గనుక ఆరినప్పుడు సంకోచమూ పెద్దదే. అదే కంతలో కొలతకు కోసిన బ్లాకు ముక్కను తడిపి, మాలు పరుపులో కూర్చి దట్టిస్తే, ఆ ముక్క ఎప్పుడో కుంచించుకొని పూర్తయినది కనుక ఇక కదలదు. చుట్టూ ఉన్న కొద్ది మాలు మాత్రమే కుంచించుకొంటుంది. డొల్ల బ్లాకు కంతలో ముందుగా లోపలి ఖాళీని ముక్కలతో, గట్టి మాలుతో నింపి ఆనిక కల్పించవలె. లోతు తక్కువ గుంటలను పొరకు 15 మిల్లీమీటర్లు మించకుండా, ఒక్కొక్క పొరను తాపీ కొసతో గీతలు గీసి, అది గట్టిపడిన తరువాత మరొక పొరగా పూడ్చవలె. కాంక్రీటు స్తంభమూ బ్లాకు గోడా కలిసే చోట, రెంటి సంకోచం వేరు గనుక, తీగ వలను అటూ ఇటూ చెరొక జానెడు పరచి గిలాబా వేస్తారు.

మాలు ఎంత బలంగా ఉంటే అంత మంచిదన్న భ్రమ మేస్త్రులలోనూ, యజమానులలోనూ సమానంగా ఉన్నది. ఒక పాలు సిమెంటుకు రెండు పాళ్ళు ఇసుక కలిపిన మాలు బలమైనదే; కాని ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకొంటుంది, వంగడం తెలియదు. బలహీనమైన బ్లాకు మీద అది అంటుకొంటే, ఎండిన చర్మానికి అంటిన జిగురుపట్టీ వలె, బ్లాకు పైచర్మాన్నే లాగివేస్తుంది. పై పొర క్రింది పొర కంటె బలమైనదిగా ఉండరాదన్నది గిలాబా శాస్త్రంలో పాత సూత్రం. గానుగ సున్నంతో కట్టిన పాత మిద్దెల మీద సిమెంటు గిలాబా నిలవకపోవడానికి ఇదొక కారణం. సాధారణ సిమెంటు బ్లాకుకు ఒకటికి నాలుగు పాళ్ళ మాలు చాలు. చెక్కిన నున్నని ముఖం మీద పట్టు చాలదనిపిస్తే, ఒకటికి రెండు పాళ్ళ పలుచని ముద్దను ముతక ఇసుకతో కలిపి గోడకు విసరి, గరుకుగా గట్టిపడనిచ్చి, దాని మీద గిలాబా వేయవచ్చు. ఇది పై సూత్రానికి విరుద్ధం కాదు. విసరిన పొర చుక్కలు చుక్కలుగా ఉంటుంది గనుక గోడను ఒక్కటిగా లాగదు. కుంచెతో సిమెంటు పాలు పూసేవారు కూడా ఉన్నారు. ఆ పాలు పచ్చిగా ఉండగానే మాలు పడితే ఉపకారం. ఆరిపోయిన తరువాత పడితే అది పట్టు కల్పించదు, పొట్టుగా ఊడుతుంది.

ఇసుక గురించి ఒక్క మాట. గాజు సీసాలో మూడు వంతుల దాకా ఇసుక, నీళ్ళు పోసి కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచితే ఒండ్రు పైన పొరగా తేరుతుంది. అది ఇసుక మందంలో నూటికి 8 పాళ్ళు మించితే కడగనిదే వాడరాదు. నదీ ఇసుకకు బదులు ఇప్పుడు వాడే రాతి ఇసుకలోనూ మెత్తని పొడి ఎక్కువైతే ఇదే కీడు: పొడి ఎక్కువ నీరు కోరుతుంది, ఎక్కువ నీరు ఎక్కువ సంకోచం తెస్తుంది.

పని తొందరలో గొట్టాలనూ, స్విచ్చి పెట్టెలనూ నిలబెట్టడానికి కొందరు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్ద పెడతారు. పది నిమిషాలలో బిగుసుకొంటుంది గనుక సౌకర్యమే. కాని అది బిగిస్తే జిప్సమే. లీటరు నీటిలో రెండు గ్రాములకు పైగా జిప్సం కరుగుతుంది; పైగా తడిలో అది సిమెంటులోని అల్యూమినేట్లతో కలిసి ఎట్రింగైట్ అనే స్ఫటికాన్ని ఏర్పరుస్తుంది. ఈ స్ఫటికం చాలా చోటు ఆక్రమిస్తూ పెరిగి పలకను వెనుక నుండి నెడుతుంది. స్నానాల గది గోడలో ఆ తెల్లని ముద్ద ఒక్కటి కూడా మిగలకుండా చెక్కించవలె.

ఆరే కాలం

పూడ్చిన చోట్లకు, కొత్త గిలాబాకు కనీసం ఏడు రోజులు నీళ్ళు పట్టవలె. గాలి పొడిగా ఉండే నెలలలో ఒక్క పూట మరచిపోయినా పలుచని మాలుకు నష్టమే. తరువాత ఇంకొక వారం ఆరనివ్వవలె. సంకోచంలో చాలా భాగం పలకలు పడకముందే జరిగిపోవడం దీని ప్రయోజనం. సన్నని పగుళ్ళు ఏవైనా రావలసి ఉంటే ఈ వారంలోనే కనబడి, బాగుచేయడానికి అవకాశమిస్తాయి. యజమానికి ఓపిక తప్పేది కూడా సరిగా ఈ వారంలోనే.

ఆరిన గోడను రూపాయి బిళ్ళతో తట్టి చూడవలె. డొల్లగా పలికిన చోటును సుద్దతో గుర్తుపెట్టి, చెక్కి, మరల పూడ్చవలె. రెండు మీటర్ల బద్దను గోడకు అన్ని దిక్కులా ఆనిస్తే ఎక్కడా మూడు మిల్లీమీటర్లకు మించి సందు ఉండరాదు. ఈ చదును అలంకారం కోసం కాదు. గోడ ఎగుడుదిగుడుగా ఉంటే పనివాడు పలక వీపున నాలుగు మూలలా, నడుమ ఒక్కొక్క మాలు ముద్ద పెట్టి గోడకు అదిమి మట్టం తెస్తాడు. ముద్దల నడుమ ఖాళీలు మిగులుతాయి. వాటిలో నీరు నిలుస్తుంది, చీమలు కాపురం పెడతాయి, బకెట్టు తగిలితే పలక అక్కడే పగులుతుంది. చదునైన గోడ మీద పళ్ళ తాపీతో పరచిన నాలుగైదు మిల్లీమీటర్ల జిగురు అంతటా ఆనుతుంది.

పలకల నడుమ సందులలో నింపే సిమెంటు నీటిని పూర్తిగా ఆపదు. కనుక నీటి నుండి గోడను కాపాడవలసిన పొర పలక వెనుక, గిలాబా మీద ఉండవలె. సిమెంటు, పాలిమర్ కలిసిన పూతను రెండు మార్లు, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, నీళ్ళు పడే గోడలకు మనిషి ఎత్తు మించి పూస్తారు. నేల గోడను కలిసే మూలను ముందుగా మాలుతో గుండ్రంగా తీర్చి, పూతను నేల మీదికి కూడా కొనసాగిస్తారు. తరువాత గదిలో ఒక రోజు నీరు నిలిపి, క్రింది ఇంటి కప్పును చూస్తే పూత సంగతి తేలిపోతుంది.

నీటిలో నానవేసినా బరువు మారని విట్రిఫైడ్ పలక ముక్క ఇప్పుడు జ్ఞాపకం తెచ్చుకోవచ్చు. దానికి రంధ్రాలు లేవంటే, సిమెంటు వేళ్ళూనడానికి చోటు లేదన్నమాట. వట్టి సిమెంటు ముద్ద దానిని పట్టుకోలేదు. పాలిమర్ కలిసిన జిగురే కావలె. రంధ్రాలున్న పాతకాలపు మట్టి పలకలను మేస్త్రులు ముందుగా నీళ్ళ తొట్టిలో నానవేసేవారు. అదీ గోడ దాహం వంటి దాహమే. విట్రిఫైడ్ పలకలను కూడా అలవాటు చొప్పున తొట్టిలో వేసేవారు లేకపోలేదు. దానివల్ల పలకకు చేరేది ఏమీ లేదు, వీపున నీటి పొర మిగిలి పట్టు తగ్గుతుంది.

పలకల నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల సందు విడవడం, గోడలు కలిసే లోపలి మూలలలో సిమెంటుకు బదులు సాగే సిలికోన్ నింపడం కదలికకు చోటిస్తాయి. ఇంత పని జరిగిన గదిలో కూడా సాధారణంగా ఒక చోటు మరుగున పడిపోతుంది. కొళాయి గొట్టం బయటకు వచ్చే చోట పలకను గొట్టం కంటె పెద్దదిగా తొలిచి, ఆ వంకర రంధ్రం కనబడకుండా మెరిసే లోహపు బిళ్ళ తొడుగుతారు. బిళ్ళ వెనుక పచ్చి గోడ తెరచుకొనే ఉంటుంది. షవరు నీళ్ళన్నీ ఆ బిళ్ళ మీదుగానే జారుతాయి. బిళ్ళను బిగించకముందే గొట్టం చుట్టూ ఉన్న ఆ సందును సిలికోన్‌తో నింపవలె.